ప్రాక్టీసు చేసుకుంటూనే చట్టం చదువుకోవడం ఎలా? విశాఖ కోర్టు నుంచి ఒక ప్రశ్న, కొన్ని సమాధానాలు

ప్రశ్న: విశాఖపట్నం నుంచి ఒక సివిల్ న్యాయవాది

సీనియర్లకు, తోటి న్యాయవాదులకు నమస్కారం. నేను విశాఖపట్నం జిల్లా కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. సీనియర్ గారి ఆఫీసు నుంచి బయటకు వచ్చి సొంతంగా కూర్చున్న తరువాత నా దగ్గరకు వస్తున్నవి ఎక్కువగా భాగపంపకాల దావాలు, ఇంజంక్షన్ దావాలు, చెక్కు బౌన్సు కేసులు; అప్పుడప్పుడు బెయిలు దరఖాస్తులు కూడా ఉంటాయి. పగలంతా ఒక కోర్టు హాలు నుంచి మరో హాలుకు వాయిదాల వెంట తిరగడం, సాయంత్రం పార్టీలతో మాట్లాడడం, రాత్రి మరునాటి కౌంటర్లు, అఫిడవిట్లు తయారు చేసుకోవడం, వీటన్నిటి మధ్య చట్టాన్ని పద్ధతిగా చదువుకోవడానికి చోటు ఎక్కడ దొరుకుతుందన్నదే నా ప్రశ్న.

బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, అఖిల భారత బార్ పరీక్ష గట్టెక్కి, ప్రాక్టీసు ధ్రువపత్రం చేతికి అందిన తరువాత, ఈ ఏడాది ఏం చదివావని మనల్ని అడిగేవారు ఉండరు. న్యాయవాదుల చట్టం, 1961 లోని 6వ సెక్షన్ న్యాయ విషయాలపై సదస్సులు, ఉపన్యాసాలు ఏర్పాటు చేసే పనిని రాష్ట్ర బార్ కౌన్సిళ్లకు అప్పగించింది గానీ, ప్రతి న్యాయవాదీ ఏడాదికి ఇన్ని గంటలు చదివి తీరాలన్న నిబంధన ఏదీ ఆ చట్టంలో లేదు. 2024 జులై 1న మూడు కొత్త క్రిమినల్ చట్టాలు (శిక్షాస్మృతి బదులు న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ బదులు నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం బదులు సాక్ష్య అధినియం) అమల్లోకి వచ్చినప్పుడు ఈ లోటు అందరికీ ఒకేసారి తెలిసివచ్చింది. సదస్సులు జరిగాయి, మంచివే జరిగాయి; కానీ ఒక పూట ఉపన్యాసంలో 531 సెక్షన్ల నాగరిక్ సురక్షా సంహిత ఎంతవరకు వంటబడుతుంది?

వాట్సాప్ గ్రూపుల్లో రోజూ కుప్పలుగా తీర్పులు వస్తున్నాయి. వాటి హెడ్‌నోట్ (తీర్పు మొదట్లో ఉండే సారాంశం) చదవడమే చదువు అనుకునే స్థితికి వచ్చాం. వారం తిరిగేసరికి అదీ గుర్తుండడం లేదు. కాబట్టి, నిజంగా ఇంటి దగ్గర కూర్చుని చదువుకుంటూ వస్తున్నవారు దయచేసి చెప్పండి: ఎక్కడ మొదలుపెట్టాలి, చదివినది నిలబడాలంటే ఏం చేయాలి, డబ్బు కట్టి డేటాబేస్ తీసుకోవడం నాలాంటి చిన్న ప్రాక్టీసుకు అవసరమా?


సమాధానం: మహారాణిపేట నుంచి ఒక క్రిమినల్ న్యాయవాది

మిత్రమా, మీ బల్ల మీద ఉన్న కేసు కట్టతోనే మొదలుపెట్టండి. చట్టాన్ని మొదటి సెక్షన్ నుంచి చివరి సెక్షన్ దాకా చదువుదామని సంకల్పించుకున్నవారిలో చాలామంది నిర్వచనాల దగ్గరే ఆగిపోవడం నేను చూశాను. అదే, ఎల్లుండి వాయిదా ఉన్న కేసులో ఒక చిక్కు ముడి పడితే, దాన్ని విప్పడానికి చదివిన నాలుగు సెక్షన్లు జన్మలో మరిచిపోరు.

మన వైపు ఏ క్రిమినల్ న్యాయవాది దగ్గరైనా కనిపించే గంజాయి కేసునే తీసుకుందాం. ఏజెన్సీ వైపు నుంచి దిగిన వాహనంలో పట్టుకున్న సరుకు 20 కిలోలు దాటిందని ప్రాసిక్యూషన్ చెబితే అది వాణిజ్య పరిమాణం అవుతుంది. నేరం రుజువైతే కనీస శిక్ష పదేళ్లు, బెయిలుకు మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ అడ్డు నిలుస్తుంది. ఇలాంటి కట్ట చేతికి రాగానే చాలామంది తీర్పుల వేటలో పడతారు. దాని కంటే ముందు మత్తుమందుల చట్టం 2వ సెక్షన్‌లో గంజాయి నిర్వచనం చదవండి. గంజాయి మొక్క పూత లేదా కాయ కొనలు మాత్రమే గంజాయి కిందికి వస్తాయి. ఆ కొనలు లేకుండా విడిగా ఉన్న ఆకులు, గింజలు రావు. ఈ నిర్వచనం మనసులో పెట్టుకుని మధ్యవర్తుల నివేదిక (సరుకు పట్టుకున్నప్పుడు సాక్షుల ముందు రాసే పంచనామా) తీసి, తూకం వేసేటప్పుడు కొనలను ఆకుల నుంచి వేరు చేశారా, సంచుల బరువు మినహాయించారా, పట్టుబడింది 22 కిలోలని రాసినప్పుడు ఆ 22 కిలోల్లో ఏమేం ఉన్నాయో ఎక్కడైనా చెప్పారా అని వరుసగా చూడండి. ఒక్క నిర్వచనం చదివినందుకు క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎన్ని ప్రశ్నలు పుడతాయో మీకే తెలుస్తుంది.

తీర్పుల దగ్గరకు అప్పుడు వెళ్లండి, అదీ ఒక్క తీర్పుతో ఆగకండి. శాంపిళ్లను మేజిస్ట్రేట్ సమక్షంలో తీయాలన్న 52ఏ సెక్షన్ విషయంలో 2016 నాటి మోహన్‌లాల్ తీర్పు ఒక మూలస్తంభం. 2023లో యూసుఫ్ కేసులో ఆ సెక్షన్ పాటించనందుకు సుప్రీంకోర్టు శిక్ష రద్దు చేసింది. ఆ తీర్పు ఒక్కటే చదివినవారు 52ఏ ఉల్లంఘన ఉంటే కేసు కొట్టివేయక తప్పదని కోర్టులో గట్టిగా వాదిస్తారు. కానీ 2025 జనవరిలో భరత్ ఆంబలే కేసులో అదే సుప్రీంకోర్టు, 52ఏ పాటించకపోవడం ఒక్కటే ప్రాసిక్యూషన్‌ను కూల్చదని, ఆ లోపం వల్ల సాక్ష్యంపై సందేహం కలుగుతుందా లేదా అన్నది మొత్తం మీద చూడాలని చెప్పింది. ఇక 2022 డిసెంబరులో వచ్చిన స్వాధీనం, నిల్వ, శాంపిళ్ల నియమాలు చదవకుండా ఈ మూడు తీర్పులూ పూర్తిగా అర్థం కావు. అంటే ఒక కేసు కట్ట మిమ్మల్ని ఒక నిర్వచనం, ఒక సెక్షన్, ఒక నియమావళి, మూడు తీర్పులు చదివించింది. నా దృష్టిలో స్వయంగా చదువుకోవడమంటే ఇదే.

కొత్త చట్టాల గురించి ఒక మాట. పాత సెక్షన్, కొత్త సెక్షన్ అని పక్కపక్కన ముద్రించిన పట్టికలు అందరి దగ్గరా ఉన్నాయి. 302కు (హత్య) 103, 420కి (మోసం) 318, 498ఏకు (భర్త, అత్తింటివారి క్రూరత్వం) 85 అని బట్టీ పట్టడం అవసరమే, కాదనను. అయితే పట్టిక మిమ్మల్ని పక్కదారి పట్టించే చోట్లు కూడా ఉన్నాయి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 482 అంటే హైకోర్టుకున్న సహజ అధికారం (కేసు కొట్టివేయడం వంటిది). సురక్షా సంహితలో 482 అంటే ముందస్తు బెయిలు, సహజ అధికారం 528కి వెళ్లింది. పాత తీర్పులు ఉదహరిస్తూ కొత్త కేసులో పిటిషన్ వేసేవారు ఈ ఒక్క అంకె దగ్గర జాగ్రత్తగా ఉండాలి. పట్టికలో అసలు కనిపించనివి ఇంకా ముఖ్యం. న్యాయ సంహిత 106వ సెక్షన్‌లోని రెండో ఉపసెక్షన్ మీరు కొన్న బేర్ యాక్ట్‌లో (వ్యాఖ్యానం లేని చట్టం పుస్తకంలో) అచ్చయి ఉంటుంది, కానీ చట్టాన్ని అమల్లోకి తెచ్చిన 2024 ఫిబ్రవరి నోటిఫికేషన్‌లో దాన్ని మినహాయించారు. పుస్తకం చదివితే ఇది తెలియదు, గెజిట్ చదివితేనే తెలుస్తుంది. అలాగే 2024 జూన్‌లో జరిగిన నేరానికి ఆగస్టులో ఎఫ్‌ఐఆర్ కడితే శిక్షకు పాత శిక్షాస్మృతి, దర్యాప్తు పద్ధతికి కొత్త సురక్షా సంహిత వర్తిస్తాయి. జులై 1 నాటికే దర్యాప్తో విచారణో పెండింగులో ఉంటే పాత ప్రొసీజర్ కోడే కొనసాగుతుంది. రద్దు, మినహాయింపులు అనే శీర్షిక కింద ఉండే చిట్టచివరి సెక్షన్‌ను, అంటే న్యాయ సంహితలో 358ని, సురక్షా సంహితలో 531ని, సాక్ష్య అధినియంలో 170ని, అన్నిటికంటే ముందు చదవమని నా జూనియర్లకు చెబుతాను.


సమాధానం: గాజువాక నుంచి ఒక న్యాయవాది

సీనియర్ గారు చెప్పిన పద్ధతి మీద నాకు గౌరవం ఉంది, గంజాయి కేసు ఉదాహరణ అయితే దాచుకోదగినది. కానీ కేసు కట్ట వెంటే చదువు సాగాలన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. మన దగ్గర కట్టలో లేని చట్టం మన కంట పడదు. చాలా సందర్భాల్లో దెబ్బ తగిలేది అక్కడే.

ఆటోనగర్‌లో ఒక షెడ్డు లీజుకు ఇచ్చిన యజమాని అద్దె బకాయి కోసం మీ దగ్గరకు వచ్చాడనుకోండి. మామూలు డబ్బు దావా అనుకుని ప్లెయింటు (దావా పత్రం) తయారు చేసేస్తాం. ఆ షెడ్డు వ్యాపారం కోసమే వాడుకలో ఉండి, దావా విలువ 3 లక్షలకు తగ్గకుండా ఉంటే అది వాణిజ్య వివాదం అవుతుందని, వాణిజ్య కోర్టుల చట్టం, 2015 లోని 12ఏ సెక్షన్ ప్రకారం అత్యవసర మధ్యంతర ఉపశమనం కోరని పక్షంలో దావాకు ముందే మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలని తెలియకపోతే ఆ ప్లెయింటు తిరస్కరణకు గురవుతుంది. ఆ సెక్షన్ తప్పనిసరి అని 2022 ఆగస్టులో పాటిల్ ఆటోమేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటి ఏడాది యామినీ మనోహర్ కేసులో, మధ్యవర్తిత్వం తప్పించుకోవడానికి పేరుకు ఒక మధ్యంతర దరఖాస్తు జోడిస్తే చెల్లదని కూడా చెప్పింది. మీ చేతిలోని కట్ట ఈ చట్టం పేరు ఎత్తదు. అది వాణిజ్య వివాదమని ముందుగా గుర్తుపట్టవలసింది మీరే.

అందుకని నేను చేసే పని ఏమిటంటే, వేసవి సెలవుల్లో కోర్టులు మూసి ఉన్నప్పుడు ఒక్క చట్టాన్ని ఎంచుకుని, వ్యాఖ్యానాలేవీ పక్కన పెట్టుకోకుండా, బేర్ యాక్ట్ మొత్తం చదువుతాను. గుర్తుంచుకోవాలన్న పట్టుదల ఉండదు. ఏ విషయం ఏ అధ్యాయంలో ఉందో తెలిస్తే చాలు. సెలవుల్లో అంత ఓపిక ఎవరికి ఉంటుందని మీరు అడగవచ్చు. మన రాష్ట్రంలో భూ హక్కుల చట్టం 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చినప్పుడు న్యాయవాదులం కోర్టు విధులు బహిష్కరించి రోడ్డెక్కాం, 2024లో ఆ చట్టం రద్దయింది కూడా. రోడ్డెక్కడానికి ముందు దాన్ని ఆసాంతం చదివినవారు మనలో ఎంతమంది అన్నది మాత్రం నన్ను అడగవద్దు.

ఇక మీరు భాగపంపకాల దావాలు చేస్తారు గనుక తీర్పు ఎలా చదవాలో ఆ విషయం మీదనే చెబుతాను. 2020 ఆగస్టు 11న వచ్చిన వినీతా శర్మ తీర్పు తెలియని సివిల్ న్యాయవాది ఉండరు. కూతురికి పుట్టుకతోనే వాటా ఉంటుందని, హిందూ వారసత్వ చట్టం సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనక్కర లేదని అందరం ఏకరువు పెడతాం. హెడ్‌నోట్ చెప్పేది అంతవరకే. తీర్పు లోపలికి వెళితే మూడు విషయాలు దొరుకుతాయి. అంతకు ముందున్న ఫూలవతి తీర్పును ఎందుకు తోసిపుచ్చారన్నది మొదటిది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజు ద్వారానో కోర్టు డిక్రీ ద్వారానో పూర్తయిన పంపకాలను చట్టమే ఎలా కాపాడిందన్నది రెండోది. నోటిమాటగా పంపకం జరిగిపోయిందన్న వాదనను సాధారణంగా ఒప్పుకోకూడదని, ప్రభుత్వ పత్రాల వంటి గట్టి ఆధారం ఉన్న అరుదైన సందర్భాల్లోనే పరిశీలించాలని చెప్పిన భాగం మూడోది. మన కోర్టుల్లో ప్రతివాది రాతపూర్వక జవాబులో కనిపించే మొదటి వాక్యమే నోటి పంపకం జరిగిందని కదా! అంటే మీకు పనికొచ్చేది ఈ మూడో భాగమే. అది వాట్సాప్‌లో తిరగదు.

దీనికి మన రాష్ట్రం ప్రత్యేకతను కూడా కలుపుకోవాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచే, అదే చట్టానికి రాష్ట్రం చేసిన సవరణలోని 29ఏ సెక్షన్ కింద కూతుళ్లకు సహదాయాద హక్కు (ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వచ్చే వాటా) వచ్చింది, అయితే ఆ తేదీకి ముందే పెళ్లయినవారిని ఆ సవరణ మినహాయించింది. కక్షిదారుల ఇంట్లో ఏ కూతురి పెళ్లి ఎప్పుడైందో, పంపకం జరిగిందంటున్న తేదీ ఈ రెండు సవరణల్లో దేనికి ముందో, దేనికి తరువాతో ఒక కాగితం మీద గీత గీసి రాసుకోండి. ఆ గీత మీద తేదీలు పెట్టాక తీర్పు మళ్లీ చదివితే మీ కేసు ఎక్కడ నిలబడిందో కనిపిస్తుంది.

నా పద్ధతిలో హెడ్‌నోట్ చివర చదువుతాను. ముందు వాస్తవాలు, తరువాత కోర్టు తనకు తాను వేసుకున్న ప్రశ్న, ఆపైన ఆ ప్రశ్నకు ఇచ్చిన జవాబు. మిగిలినదంతా ప్రసంగవశాత్తు అన్నదే. ఎంతమంది న్యాయమూర్తుల ధర్మాసనమో మాత్రం మొదటి పేజీలోనే గుర్తించి పెట్టుకుంటాను.


సమాధానం: న్యాయశాస్త్రం బోధించే ఒకరు

పై రెండు సమాధానాలూ ప్రాక్టీసులో ఉన్నవారు రాసినవి. నేను బోధన వైపు నుంచి కొంచెం చేరుస్తాను.

తప్పనిసరి గంటలు లేకపోవడం లోటని ప్రశ్నించినవారు బాధపడ్డారు. కొన్ని దేశాల్లో ఆ గంటలు ఉన్నాయి. అమెరికాలోని కాలిఫోర్నియాలో న్యాయవాదులు మూడేళ్లకు 25 గంటలు పూర్తి చేయాలి, అందులో సగం వరకు స్వయంగా చదువుకున్నట్లు చూపించుకోవచ్చు. ఇంగ్లండులో సొలిసిటర్లకు ఏడాదికి 16 గంటల నిబంధన ఉండేది, 2016 నవంబరు నుంచి దాన్ని ఎత్తివేశారు. దాని బదులు, తన పనిలో ఎక్కడ కొరత ఉందో ఎవరికి వారు ఆలోచించుకుని, దానికి తగినట్టు నేర్చుకుని, ఆ సంగతి రాసి పెట్టుకోవాలన్నారు. గంటలు లెక్కపెట్టినంత మాత్రాన సామర్థ్యం పెరిగిందని చెప్పలేమన్న ఆలోచన ఆ మార్పు వెనుక ఉంది. నాకు అది సరైన ఆలోచనగా తోస్తుంది, ఎందుకంటే సదస్సులో సంతకం పెట్టి టీ తాగి వెళ్లిపోయేవారికి కూడా గంటలు లెక్కకు వస్తాయి.

రాసి పెట్టుకోవడం అన్న మాట దగ్గర కొంచెం ఆగుతాను. చదివినది నిలబడడం లేదని ప్రశ్నలో అన్నారు. చదివి వదిలేసినది ఎవరికీ నిలబడదు. ఒక విషయం చదవడం పూర్తయ్యాక పుస్తకం మూసి, ఒక్క పేజీలో, మీ మాటల్లో, వీలైతే తెలుగులోనే, ఒక గమనిక రాయండి. పైన ప్రశ్న, కింద మీరు తేల్చుకున్న జవాబు, దానికి ఆధారమైన సెక్షన్, తీర్పులోని పేరా సంఖ్య, చివర ఏ తేదీ నాటికి ఇది సరైనదో. ఆ తేదీ లేని గమనిక రెండేళ్ల తరువాత ప్రమాదకరం అవుతుంది. ఉదాహరణకు ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ధ్రువపత్రం తప్పనిసరి అని అర్జున్ పండిత్‌రావు తీర్పు చదివి 2020లో ఎవరైనా గమనిక రాసుకుని ఉంటే అది పాత సాక్ష్య చట్టం 65బి సెక్షన్ గమనిక. 2024 జులై తరువాత మొదలైన కేసులో సాక్ష్య అధినియం 63వ సెక్షన్ వర్తిస్తుంది. అక్కడ ధ్రువపత్రం నమూనా చట్టం షెడ్యూలులోనే ఉంది, అందులో ‘ఎ’ భాగాన్ని పార్టీ పూర్తి చేయాలి, ‘బి’ భాగాన్ని నిపుణుడు పూర్తి చేయాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు సంఖ్య) కూడా రాయాలి. పాత గమనిక చూసి ఒకే సంతకంతో ధ్రువపత్రం దాఖలు చేస్తే ప్రత్యర్థి న్యాయవాది మొదటి అభ్యంతరం అక్కడే లేవనెత్తుతారు.

డబ్బు విషయం: సుప్రీంకోర్టు తన అధికారిక నివేదికలను 2023 జనవరి నుంచి ఈ-ఎస్‌సీఆర్ ద్వారా ఉచితంగా అందిస్తోంది. కేంద్ర చట్టాల తాజా పాఠం ఇండియా కోడ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంటుంది, గెజిట్ కూడా ఉచితమే. ఇండియన్ కానూన్ వెబ్‌సైటులో తీర్పులు వెతకడం అందరికీ అలవాటే. డబ్బు కట్టే డేటాబేస్ వల్ల అదనంగా వచ్చేది ప్రధానంగా ఒక్కటి: ఒక తీర్పును తరువాతి తీర్పులు అనుసరించాయా, వేరు చేసి చూపాయా, తోసిపుచ్చాయా అన్న సమాచారం ఒక్కచోట దొరకడం. ఆ పనికి బార్ అసోసియేషన్ గ్రంథాలయంలోనో, న్యాయ కళాశాల గ్రంథాలయంలోనో చందా ఉంటే ముందు దాన్ని వాడుకోండి.


ప్రశ్నించినవారి నుంచి

ముగ్గురికీ కృతజ్ఞతలు. గాజువాక మేడమ్ గారు చెప్పినట్టు తేదీల గీత ఒకటి గీసి చూశాను. నా దగ్గరున్న ఒక దావాలో పెద్ద కూతురి పెళ్లి తేదీ ప్లెయింటులోనే లేదని ఇప్పుడు కనిపించింది, సవరణ దరఖాస్తు వేయాలి. రెండు సందేహాలు మిగిలాయి. ఇప్పుడు కొందరు తోటివారు ఏఐ సాధనాలను అడిగి తీర్పులు తెప్పించుకుంటున్నారు, స్వయంగా చదువుకునేవారు వాటిని ఎంతవరకు నమ్మవచ్చు? రెండోది, సుప్రీంకోర్టు తీర్పుల తెలుగు అనువాదాలు ఇప్పుడు దొరుకుతున్నాయి కదా, వాటితో చదువు సాగించవచ్చా?


సమాధానం: మహారాణిపేట నుంచి అదే క్రిమినల్ న్యాయవాది

గాజువాక మేడమ్ గారి మాట ఒప్పుకుంటున్నాను. కట్టలో లేని చట్టం కంట పడదన్నది నిజమే, వేసవిలో ఒక చట్టం పూర్తిగా చదవాలన్న సూచనను నా ఆఫీసులో కూడా పెడతాను. అయితే సెలవుల్లో చదివినది మళ్లీ ఏదో ఒక కట్టలో తగిలేదాకా పచ్చిగానే ఉంటుందన్న అభిప్రాయం మాత్రం మార్చుకోను.

ఏఐ గురించి: 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో మాటా వర్సెస్ ఏవియాంకా అనే కేసులో, చాట్‌జీపీటీ కల్పించి ఇచ్చిన తీర్పులను సరిచూడకుండా దాఖలు చేసినందుకు న్యాయవాదులకు 5,000 డాలర్ల జరిమానా పడింది. పేర్లు, నంబర్లు, ఉల్లేఖనాలు అన్నీ అచ్చం అసలువాటిలాగే ఉన్నాయి, తీర్పులే లేవు. ఒక విషయంలో ఏయే ప్రశ్నలు పుట్టవచ్చో ఆలోచించుకోవడానికి ఆ సాధనం పనికివస్తే రానివ్వండి. అది చెప్పిన తీర్పును మాత్రం ఈ-ఎస్‌సీఆర్‌లోనో హైకోర్టు వెబ్‌సైటులోనో తెరిచి, మీరు చదవబోయే పేరా మీ కళ్లతో చూసేదాకా మెమోలో రాయవద్దు. ఇప్పుడు సుప్రీంకోర్టు తీర్పులకూ మన హైకోర్టు తీర్పులకూ తటస్థ సైటేషన్ (ప్రతి తీర్పుకు కోర్టే ఇచ్చే గుర్తింపు సంఖ్య) ఉంటోంది గనుక సరిచూడడానికి నిమిషం కూడా పట్టదు. సైటేషన్ ఇచ్చి వెతికితే దొరకని తీర్పును లేనిదానిగానే లెక్కించండి.

తెలుగు అనువాదాలు కక్షిదారుకు తన కేసు ఏమైందో తెలియజేయడానికి చాలా ఉపయోగపడతాయి. విషయం త్వరగా పట్టుకోవడానికి మీరూ చదవండి. కానీ ప్రామాణికం ఇంగ్లీషు పాఠమే అని ఆ అనువాదాల మీదే రాసి ఉంటుంది, కాబట్టి కోర్టు ముందు పెట్టేది, గమనికలో పేరా సంఖ్య రాసుకునేది ఇంగ్లీషు ప్రతి నుంచే కావాలి. తెలుగులో ఆలోచించి తెలుగులో గమనిక రాసుకోవడానికి అది అడ్డు కాదు. సాక్షి తెలుగులోనే చెబుతాడు, మధ్యవర్తుల నివేదిక చాలాసార్లు తెలుగులోనే ఉంటుంది, క్రాస్ ప్రశ్న కూడా తెలుగులోనే అడగాలి.

మీ పెద్ద కూతురి పెళ్లి తేదీ విషయం: సవరణ దరఖాస్తు వేసే ముందు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 6, రూల్ 17 కింద ఉన్న మినహాయింపు చదవండి. విచారణ మొదలైన తరువాత అయితే, తగిన శ్రద్ధ చూపినా ఆ విషయం ముందుగా లేవనెత్తలేకపోయారని కోర్టును ఒప్పించవలసి ఉంటుంది. ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు) ఫ్రేమ్ అయ్యాయా, చీఫ్ అఫిడవిట్ (సాక్షి రాతపూర్వకంగా ఇచ్చే ప్రధాన సాక్ష్యం) దాఖలైందా చెబితే దాని మీద ఇంకా వివరంగా రాస్తాను.